కందెన

“కందెన వేయని బండికి కావలసినంత సంగీతం” అని తెలుగువారి సామెత. పల్లెసీమల్లో ఎడ్లబండే ప్రధాన వాహనంగా ఉన్న కాలంలో పుట్టిన మాట అది. ఆముదంలో వరిగడ్డి మసి కలిపి మెదిపి, ఆ నల్లని జిడ్డును గొట్టంలో నింపి బండికి వేలాడగట్టుకొనేవారు. ఇరుసు కిర్రుమనగానే బండివాడు దిగి, కడచీల తీసి, చక్రాన్ని కొంచెం పక్కకు లాగి కందెన పూసేవాడు. తనకు జిడ్డు కావాలన్న సంగతిని ఇరుసే అరిచి చెప్పేది. వినడానికి చెవులుంటే చాలు.

ఎడ్లబండ్లు తగ్గిపోయినా కందెన అవసరం తగ్గలేదు. అది బయటి ఇరుసును విడిచి మూసిన లోహపు పెట్టెల్లోకి చేరింది. రైతు పంటను సంతకు చేరవేసే పికప్ వాహనంలో మూడు ముఖ్యమైన చోట్ల మూడు రకాల నూనెలు ఉంటాయి. ఇంజనులో ఒకటి, గేరుబాక్సులో ఒకటి, వెనుక ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్‌లో ఒకటి. ఇంజను నూనెను డ్రైవర్లు తరచుగా పుల్ల తీసి చూసుకొంటారు. గేరుబాక్సు నూనెను మాత్రం ఏళ్ళ తరబడి పలకరించేవారుండరు. దాని బాధ చెవికి వినిపించే వేళకు లోపల జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

భాషలోనే నూనె మహిమ కొంత దాగి ఉంది. నూవుల నుంచి తీసిన నెయ్యి గనుక తెలుగులో అది నూనె అయింది. తిలల నుంచి పుట్టినది గనుక సంస్కృతంలో తైలమైంది. అదే సంస్కృతంలో స్నేహమన్న మాటకు జిడ్డు, నూనె అన్న అర్థాలతోపాటు చెలిమి అన్న అర్థమూ ఉంది. రెండు కఠిన పదార్థాలు ఒకదానినొకటి గాయపరచుకోకుండా కలిసి పని చేయాలంటే నడుమ ఒక స్నేహం ఉండి తీరాలని ఆ మాటను కూర్చిన పెద్దలు గ్రహించారు. అయితే అందరి స్నేహమూ అందరికీ సరిపడదు. ఏ నూనె ఎక్కడ తగును అన్న ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఒక కుటుంబం బతుకుతెరువూ, ఒక్కొక్కప్పుడు ప్రాణమూ ఆ ప్రశ్న మీద ఆధారపడి ఉంటాయి.

ఇంజను వేగంగా తిరిగితే గాని తన శక్తిని పూర్తిగా ఇవ్వలేదు. బరువుతో కొండ ఎక్కే బండికి వేగం కన్నా బలం కావాలి. చదునైన రహదారి మీద బలం కన్నా వేగం కావాలి. ఈ రెండు అవసరాలకూ ఇంజనుకూ పొత్తు కుదిర్చేది గేరుబాక్సు. పెద్దవీ చిన్నవీ అయిన పళ్ళచక్రాలు అందులో జంటలు జంటలుగా ఉంటాయి. సాధారణమైన మాన్యువల్ గేరుబాక్సులో నూనెను పైకి తోడే పంపు ఉండదు. కింది చక్రాలు నూనెలో సగం మునిగి తిరుగుతూ, దానిని పైకి చిమ్ముతాయి. ఆ చిమ్ముడే పై చక్రాలకూ బేరింగులకూ ఆధారం. పళ్ళు ఒకదానినొకటి ఒత్తుకొనే చోట నూనె కంటికి కనిపించనంత పలుచని పొరగా నిలిచి, ఉక్కు ఉక్కును తాకకుండా కాపాడుతుంది.

పూర్వం గేరు మార్చడం ఒక విద్య. వేర్వేరు వేగాలతో తిరిగే రెండు చక్రాలను కలపడానికి డ్రైవరు క్లచ్చును రెండుసార్లు తొక్కి, ఇంజను వేగాన్ని చెవితో అంచనా వేయవలసి వచ్చేది. అంచనా తప్పితే పళ్ళు గరగరమనేవి. 1928లో అమెరికాలో క్యాడిలాక్ కార్లలో ప్రవేశించిన సింక్రోమెష్ పద్ధతి ఈ కష్టాన్ని తీర్చింది. గేరు పడబోయే ముందు ఒక చిన్న రింగు, పళ్ళచక్రానికున్న శంకువు వంటి భాగానికి ఒరుసుకొని, రెండింటి వేగాలనూ సమం చేస్తుంది. తిరుగుతున్న రంగులరాట్నం ఎక్కదలచినవాడు దానితోపాటు నాలుగడుగులు పరుగెత్తి, వేగం కుదిరాక ఎక్కినట్లే ఇదీను. మెకానిక్కులు సింక్రో రింగు అని పిలిచే ఈ రింగును చాలా బండ్లలో ఇత్తడి, కంచు వంటి రాగి మిశ్రమాలతో చేస్తారు. ఉక్కు చక్రాన్ని గాయపరచకుండా దానిని ఒరుసుకొనేందుకు ఉక్కు కన్నా మెత్తని లోహమే తగినది.

ఇక్కడ ఒక విచిత్రముంది. పళ్ళ నడుమ నూనె చక్కగా జారనివ్వాలి. రింగుకూ శంకువుకూ నడుమ మాత్రం అదే నూనె క్షణకాలం పక్కకు తప్పుకొని రాపిడి పుట్టనివ్వాలి. అందుకోసమే రింగు లోపలి అంచున సన్నని గాళ్ళు చెక్కి ఉంటాయి. మరీ చిక్కని నూనె ఆ గాళ్ళ నుంచి త్వరగా తప్పుకోదు. మరీ జారుడు గుణమున్న నూనె రాపిడిని పుట్టనివ్వదు. ఒకే పెట్టెలో, ఒకే నూనె, రెండు విరుద్ధ ధర్మాలను నెరవేర్చాలి. కనుక గేరుబాక్సుకు కావలసింది అన్నింటికన్నా గొప్ప నూనె అని చెప్పలేము. ఆ గేరుబాక్సుకు తగిన నూనె.

ఈ తగినతనం విలువ ఎంతటిదో అరకులోయ నుంచి విశాఖపట్నానికి కూరగాయలు చేరవేసే ఒక పికప్ యజమాని అనుభవం వల్ల తెలుస్తుంది. ఆయనే యజమాని, ఆయనే డ్రైవరు. అప్పు చేసి, ఒకరు వాడిన బండిని కొన్నాడు. నెలనెలా వాయిదా కట్టాలి. క్యాబేజీ, చిక్కుడు, క్యారెట్టు బస్తాలు రాత్రి ఎత్తుకొని తెల్లవారేలోగా సంతకు చేర్చాలి. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు నుంచి అనంతగిరి మలుపుల మీదుగా శృంగవరపుకోటకు దిగే ఆ ఘాట్ రోడ్డును ఆయన కళ్ళు మూసుకొని చెప్పగలడు.

ఘాట్ దిగేటప్పుడు డ్రైవరుకు అండ బ్రేకు ఒక్కటే కాదు. బండిని రెండో గేరులోనో మూడో గేరులోనో ఉంచితే ఇంజనే దాని పరుగును పట్టి ఉంచుతుంది. ఎడతెగకుండా బ్రేకు మీదనే ఆధారపడితే బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. గేరు సకాలంలో పడడం అక్కడ సౌకర్యానికి సంబంధించిన విషయం కానే కాదు. ఆ ఏడాది చలికాలం మొదలైన నాటి నుంచి ఆ బండి రెండో గేరు తెల్లవారుజామున మొరాయించసాగింది. కొన్ని కిలోమీటర్లు నడిచి నూనె వేడెక్కాక కొంత లొంగేది గాని, గరగర మాత్రం వదలలేదు. ఒకనాటి రాత్రి నిండు బరువుతో దిగుతూ, ఒక మలుపు ముందు మూడో గేరు నుంచి రెండుకు మార్చబోతే గేరు పడలేదు. మూడోది వదిలింది, రెండోది అందలేదు. బండి ఏ గేరూ లేకుండా, తన బరువుతో తానే జారింది. ఆయన బ్రేకు మీద నిలబడినంత పని చేసి ఆపాడు. క్లీనరు కుర్రవాడు దూకి చక్రం కింద రాయి పెట్టాడు. కొన్ని క్షణాల వ్యవహారమే అది. ఆ తరువాత చాలాసేపు ఇద్దరూ మాట్లాడుకోలేదు.

మరునాడు ఆయన శృంగవరపుకోటలోని ఒక నూనెల అంగడికి వెళ్ళాడు. అంతకు ముందు ఏడాది గేరుబాక్సులో సన్నని హోరు వినిపించినప్పుడు, చిక్కని నూనె పోస్తే చప్పుడు అణగుతుందని దారిలో ఎవరో చెప్పగా, డిఫరెన్షియల్ కోసం ఉంచిన నూనెనే అందులో పోయించుకొన్నాడు. చప్పుడు నిజంగానే అణగింది. ఇప్పుడు అంగడివాడు కూడా అటువంటి డబ్బానే ముందు పెట్టి, “జీఎల్-5 ఉండగా జీఎల్-4 ఎందుకండీ? నాలుగు కన్నా అయిదు పెద్దది కదా!” అన్నాడు. ధర కూడా కొంచెం ఎక్కువే. అంకె పెద్దది, వెల పెద్దది. కనుక మేలైనదే అయి ఉంటుందని ఆయన డబ్బా తీసుకొని షెడ్డుకు వెళ్ళాడు.

షెడ్డులోని మేస్త్రీ అరవై ఏళ్ళు దాటినవాడు. డబ్బాను తిప్పి చూసి, మూత తీయకుండానే పక్కన పెట్టాడు.

“బండి పుస్తకంలో ఏమని ఉంది నాయనా?” అని అడిగాడు.

“పుస్తకం ఎవరు చూశారు మేస్త్రీ గారూ! ఎక్కడో కాగితాల్లో ఉంటుంది.”

“ఉంటే తీసుకురా. బండిని చేసినవాడి మాట వినకుండా నా మాట ఎందుకు వినాలి?”

పర్మిటు కాగితాల అడుగున, ప్లాస్టిక్ సంచిలో పుస్తకం దొరికింది. గేరుబాక్సుకు ఎస్ఏఈ 80డబ్ల్యు-90, ఏపీఐ జీఎల్-4 అని అందులో స్పష్టంగా అచ్చయి ఉంది. ఏడాదిగా లోపల ఉన్నది 85డబ్ల్యు-140, జీఎల్-5. కొత్తగా కొన్న డబ్బా కూడా జీఎల్-5.

ఈ అక్షరాల అర్థం తెలుసుకోవడం కష్టమైన పనేమీ కాదు. మొదటి వరుస నూనె చిక్కదనాన్ని తెలుపుతుంది. ఎస్ఏఈ అన్నది 1905లో అమెరికాలో ఏర్పడిన మోటారు ఇంజనీర్ల సంఘం పేరుకు సంక్షిప్త రూపం. డబ్ల్యు అంటే వింటర్, అనగా శీతకాలం. దాని ముందున్న అంకె చలిలో నూనె ఎంతవరకు పారగలదో చెబుతుంది. 75డబ్ల్యు నూనెను మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ వద్ద, 80డబ్ల్యును మైనస్ 26 వద్ద, 85డబ్ల్యును మైనస్ 12 వద్ద పరీక్షిస్తారు. అంకె తగ్గిన కొద్దీ చలిని తట్టుకొనే గుణం పెరుగుతుందన్నమాట. తరువాతి అంకె 100 డిగ్రీల వేడిలో నూనె చిక్కదనాన్ని సూచిస్తుంది. 90 అనిపించుకోవడానికి కనీసం 13.5 సెంటీస్టోకుల చిక్కదనం ఉండాలి. 140 అనిపించుకోవడానికి కనీసం 24 ఉండాలి. అరకు చలి మైనస్ డిగ్రీల పరీక్షల దాకా పోదు గాని, కొండమీది శీతకాలపు తెల్లవారుజామున ఆ 140 నూనె బెల్లపు పాకంలా బిగుసుకొని రింగు గాళ్ళ నుంచి కదలకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఏడాది కిందట చప్పుడును అణచినదీ ఆ చిక్కదనమే. చలిలో గేరును అడ్డుకొన్నదీ ఆ చిక్కదనమే.

అంకెలు చూసి మోసపోవడానికి మరొక దారి కూడా ఉంది. ఇంజను నూనెల కొలబద్ద వేరు, గేరు నూనెల కొలబద్ద వేరు. గేరు నూనెల్లో 90 అని పిలిచేదీ, ఇంజను నూనెల్లో 40 లేదా 50 అని పిలిచేదీ ఇంచుమించు ఒకే చిక్కదనం గలవి. 90 కనుక 40 కన్నా రెండింతలు చిక్కనిదనుకోవడం, కిలోమీటర్లను మైళ్ళతో పోల్చినట్లవుతుంది.

రెండో వరుస నూనె స్వభావాన్ని తెలుపుతుంది. ఏపీఐ అన్నది 1919లో ఏర్పడిన అమెరికా పెట్రోలియం సంస్థ. అది పెట్టిన జీఎల్-4, జీఎల్-5 అన్న పేర్లు పరీక్షలో వచ్చిన మార్కుల వంటివి కావు. అవి వేర్వేరు ఉద్యోగాల పేర్లు. జీఎల్-5 ఉద్యోగం ముఖ్యంగా వెనుక ఇరుసులో ఉంటుంది. మెకానిక్కులు క్రౌను అని పిలిచే ఆ చోట హైపాయిడ్ అనే ప్రత్యేకమైన పళ్ళచక్రాలు ఉంటాయి. 1920లలో అమెరికాలో ప్యాకార్డ్ కార్లతో ఇవి వాడుకలోకి వచ్చాయి. వీటి పళ్ళు ఒకదానినొకటి ఒత్తుకోవడమే గాక, ఒకదానిమీదొకటి బలంగా ఈడ్చుకుపోతాయి. మామూలు నూనెపొర ఆ ఈడ్పుకు చిరిగిపోతుంది. అందుచేత ఆ నూనెలో గంధకం, భాస్వరం గల రసాయనాలను ఎక్కువ మోతాదులో కలుపుతారు. ఒత్తిడికీ వేడికీ అవి ఉక్కుతో కలిసి ఒక పలుచని కవచాన్ని ఏర్పరుస్తాయి. ఆ కవచం అరిగిపోతుంది, మళ్ళీ పుడుతుంది, ఉక్కును కాపాడుతుంది.

ఉక్కుకు రక్ష అయిన ఆ గంధకమే రాగికి శత్రువు కావచ్చు. చురుకైన గంధకం సోకితే రాగి, ఇత్తడి నల్లబడి క్రమంగా తినివేయబడతాయి. పులుపు వస్తువును మట్టికుండలో పెట్టవచ్చు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పెడితే చిలుము పడుతుందని ప్రతి ఇల్లాలికీ తెలుసు. పులుపు చెడ్డదనీ, గిన్నె చెడ్డదనీ ఎవరూ అనరు. వాటి జోడి కుదరదంటారు. ఇత్తడి రింగులున్న గేరుబాక్సులో, అది కోరని జీఎల్-5 నూనె పోయడం కూడా అటువంటిదే. జీఎల్-4లో ఈ రసాయనాల మోతాదు తక్కువ. పైగా జీఎల్-5 జారుడు గుణం రింగుకు అవసరమైన రాపిడిని కూడా తగ్గించవచ్చు. గేరు చప్పుడు పోవాలని పోసిన నూనె గేరునే పడనివ్వకపోవడం, కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది.

అలాగని జీఎల్-5 నూనెలన్నీ ఇత్తడికి ఒకే తీరుగా హాని చేస్తాయనడం కూడా సరికాదు. గంధకపు చురుకును అదుపు చేసే పదార్థాలు కలిపినవి ఉన్నాయి. మెరుగు పెట్టిన రాగిరేకును వేడి నూనెలో ముంచి, రంగు ఎంత మారిందో చూసే పరీక్ష కూడా ఉంది. కొందరు తయారీదారులు తమ గేరుబాక్సుకు జీఎల్-5నే కోరుతారు. కొందరు రెండూ చెల్లుతాయంటారు. 1990ల నాటి ఫోర్డ్ రేంజర్ పికప్‌లలో మాజ్డా సంస్థ చేసిన అయిదు గేర్ల మాన్యువల్ గేరుబాక్సు ఉండేది. దానిలో పోయవలసింది అసలు గేరు నూనే కాదు. ఆటోమేటిక్ గేరుబాక్సులకు వాడే పలుచని ఎర్రని ద్రవం. చిక్కనిదే మేలన్న నమ్మకంతో అందులో 90 నూనె పోసినవాడు బండికి మేలు చేసినవాడు కాడు. అందుకే ఈ విషయంలో అంగడి మాట కన్నా, తోటి డ్రైవరు అనుభవం కన్నా, బండితోపాటు వచ్చిన పుస్తకం మాటే ప్రమాణం.

మేస్త్రీ డబ్బాను తిప్పి పంపి, సరైన నూనె తెప్పించాడు. బండిని కొంత దూరం నడిపి తెమ్మన్నాడు. వెచ్చబడిన నూనె పలుచనై, అడుగున పేరుకొన్న మురికిని తనతోపాటు తీసుకొని దిగుతుంది. ఆ తరువాత బండిని సర్వీసు గుంత మీద సమంగా నిలిపి, చక్రాలకు చెక్కదిమ్మలు అడ్డుపెట్టించాడు. గుంత లేనిచోట స్టాండ్లు పెట్టకుండా కేవలం జాకీని నమ్మి బండి కిందికి దూరకూడదని కుర్రవాళ్ళకు చెప్పాడు.

పానా తీసుకొన్న కుర్రవాడు నేరుగా అడుగునున్న డ్రెయిన్ ప్లగ్గు వైపు చేయి చాచాడు. మేస్త్రీ ఆపి, “ముందు పైది విప్పు” అన్నాడు. నూనె పోసే ఫిల్లర్ ప్లగ్గు గేరుబాక్సు పక్కన ఉంటుంది. ఏళ్ళ తరబడి కదలక, తుప్పు పట్టి అది బిగుసుకొని ఉండవచ్చు. కింది ప్లగ్గు విప్పి నూనెనంతా దించాక పైది రాకపోతే, కొత్త నూనె పోసే దారి ఉండదు. నూనె లేని బండి అక్కడి నుంచి కదలకూడదు. ఉన్నదానిని వదులుకొనే ముందు కొత్తది వచ్చే దారి తెరిచి ఉందో లేదో చూసుకోవడం ఆ పనిలో మొదటి నియమం.

పై ప్లగ్గు రెండు నిమిషాల పెనుగులాట తరువాత కదిలింది. అప్పుడు కిందిది విప్పారు. నల్లని నూనె ఘాటైన గంధకపు వాసనతో పళ్ళెంలోకి దిగింది. డ్రెయిన్ ప్లగ్గు చివర ఒక చిన్న అయస్కాంతం ఉంది. దానికి అంటుకొన్న బూడిదరంగు ముద్దను మేస్త్రీ వేళ్ళ మధ్య నలిపి చూశాడు. మెత్తగా ఉంటే అది సహజమైన అరుగుదల. పలుకులు తగిలితే పళ్ళు విరిగినట్లు. అది మెత్తగానే ఉంది. తరువాత పళ్ళెాన్ని ఎండవైపు వంచాడు. నూనె మీద సన్నని పసుపుపచ్చని మెరుపు కదిలింది. ఇత్తడి అయస్కాంతానికి అంటదు. ఇలా నూనెలోనే తేలి తన కథ చెబుతుంది.

“రింగు తాలూకేనా?” అని యజమాని అడిగాడు.

“అవును. కొంచెం మెరుపు ఏ బండిలోనైనా ఉంటుంది. ఇది కొంచెం కాదు.”

“అంతా ఆ నూనె చేసిన పనేనంటారా?”

మేస్త్రీ వెంటనే జవాబు చెప్పలేదు. ఆ బండి అప్పటికే లక్షన్నర కిలోమీటర్లు తిరిగింది. నడిపేటప్పుడు గేరు కర్ర మీద చేయి ఆనించి ఉంచడం, క్లచ్చును సగమే తొక్కి గేరు మార్చడం రింగును అరగదీసే అలవాట్లు. “తప్పంతా నూనె మీద నెడితే నాకూ సులువే, నీకూ సులువే. రింగు పాతదే. అరిగే దానికి ఈ నూనె తోడైంది” అన్నాడు.

డ్రెయిన్ ప్లగ్గుకు కొత్త వాషరు వేసి, పుస్తకంలో చెప్పినంత మేరకే బిగించారు. అతిగా బిగిస్తే గేరుబాక్సు అల్యూమినియపు మరలు తెగిపోతాయి. పక్క రంధ్రం గుండా చేతిపంపుతో కొత్త నూనె ఎక్కించారు. నూనె రంధ్రపు కింది అంచు దాకా వచ్చి, సన్నని ధారగా బయటికి ఒలకగానే ఆపారు. బండి సమంగా ఉంటేనే ఆ కొలత నిజమవుతుంది. తక్కువైతే పై చక్రాలకూ బేరింగులకూ నూనె అందదు. ఎక్కువైతే చక్రాలు దానిని చిలికి నురుగు చేస్తాయి. సీళ్ళ గుండా కారుతుంది. కొలతలో కూడా అధికం మేలు కాదు.

ఆ సాయంత్రమే తేడా తెలిసింది. మరునాటి చలిలోనూ గేర్లు మునుపటిలా బిగుసుకోలేదు. అయినా మూడు నుంచి రెండుకు మార్చేటప్పుడు గరగర పూర్తిగా పోలేదు. మేస్త్రీ తానే నడిపి చూసి దిగాడు. నూనె మారితే నూనె వల్ల కలిగిన ఇబ్బంది పోతుంది; అరిగిన లోహం తిరిగి రాదు. గేరుబాక్సు దించి రింగులు మార్చాలి. అందుకు మూడు రోజులు పడుతుంది. ఆ మూడు రోజులూ బండికి సంపాదన లేదు. పైగా సామాన్లకూ కూలికీ డబ్బు కావాలి. నెల వాయిదా దగ్గర పడింది.

“వాయిదా కట్టేశాక దించుదాం మేస్త్రీ గారూ. అంతవరకు నడవదా?”

“నడుస్తుంది నాయనా. ఎక్కేటప్పుడు హాయిగా నడుస్తుంది. దిగేటప్పుడు మలుపులో రెండో గేరు పడకపోతే, నీ వాయిదా సంగతి బండికి తెలుస్తుందా?”

యజమాని చాలాసేపు గుంత అంచున కూర్చున్నాడు. ఆ రాత్రి కొండమీద సరుకు సిద్ధంగా ఉంది. కబురు చేసి దానిని మరొక బండికి అప్పగించాడు. ఆ నెలంతా శృంగవరపుకోట, విజయనగరం నడుమ చదునైన దారిలో, తక్కువ కిరాయికి తేలిక బరువులు తోలాడు. వాయిదా కొంత ఆలస్యమైంది, జరిమానా కట్టాడు. ఆ తరువాత గేరుబాక్సు దించి చూస్తే, రెండో గేరు రింగు గాళ్ళు చేతితో తడిమితే తెలియనంతగా నునుపుదేరి ఉన్నాయి. కొత్త రింగులు పడ్డాయి. బండి తిరిగి ఘాట్ ఎక్కిన రోజున ఆయన పుస్తకం చివరి పుటలో తేదీ, తిరిగిన కిలోమీటర్లు, పోసిన నూనె పేరు రాసుకొన్నాడు. పుస్తకాన్ని కాగితాల అడుగు నుంచి తీసి అందేచోట పెట్టుకొన్నాడు.

దించిన పాత నూనె సంగతి కూడా చెప్పుకోవాలి. దానిని కాలువలో పారబోయడానికి ఒక కుర్రవాడు పళ్ళెం ఎత్తితే మేస్త్రీ మందలించి డబ్బాలోకి వంపించాడు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది ఆ ప్రాంతపు పొలాలకూ, తాటిపూడి జలాశయం ద్వారా పట్టణవాసుల దాహానికీ ఆధారం. నేల మీద ఒలికిన నూనె ఒక వానకు కాలువనూ, కాలువ వెంట ఏటినీ చేరుతుంది. వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థంగా పరిగణించి, అనుమతి పొందిన పునఃశుద్ధి కేంద్రాలకే చేర్చాలని 2016 నాటి కేంద్ర నియమాలు చెబుతున్నాయి. బండికి తగిన నూనెను ఎంచుకోవడం ఎంత బాధ్యతో, దాని పని తీరాక దానికి తగిన చోటు చూపించడమూ అంతే బాధ్యత.

పదకొండవ శతాబ్దంలో కాశ్మీర దేశానికి చెందిన క్షేమేంద్రుడనే ఆలంకారికుడు “ఔచిత్యవిచారచర్చ” అనే గ్రంథం రచించాడు. కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని ఆయన సిద్ధాంతం. ఎంత విలువైన నగ అయినా తగని చోట ధరిస్తే అందం పెరగదు సరికదా, నవ్వులపాలు చేస్తుంది. అలాగే ఎంత గొప్ప గుణమైనా, ఎంత గొప్ప అలంకారమైనా తగిన చోట నిలిచినప్పుడే రాణిస్తుంది. కావ్యాన్ని గురించి చెప్పిన ఈ మాట కందెనకు కూడా వర్తిస్తుంది. జీఎల్-5 నీచమైన నూనె కాదు. ఆ పికప్ వెనుక ఇరుసులో ఈనాటికీ అదే ఉంది. అక్కడ దానికి సాటి వచ్చేది లేదు. రెండడుగుల ముందున్న గేరుబాక్సులో మాత్రం దానికన్నా చిన్న అంకె గల నూనెదే ఆ స్థానం.

మనుషులను గాని వస్తువులను గాని అంకెల వరుసలో నిలబెట్టి, పెద్ద అంకె గలదానిని ఎంచుకోవడం సులభం. ఏ పనికి ఏది తగినదో తెలుసుకోవడానికి మాత్రం పుస్తకం తెరవాలి, అనుభవజ్ఞులను అడగాలి, పళ్ళెంలోని మెరుపును ఎండలో పెట్టి చూసే ఓపిక ఉండాలి. ఆ ఓపిక గలవారి చేతుల్లో యంత్రం మాత్రమే గాక, దానిని నమ్ముకొని కొండ దిగే ప్రాణాలు కూడా క్షేమంగా ఉంటాయి.